చేపల పిల్లకి చేపల లెక్కలేనా? (ఎనిమిదో తరగతి వడ్డీ పాఠం, దాని మీద గొడవ)

ఉప్పుగాలి_టీచర్
కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. క్లాసులో సగానికి పైగా వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు. మిగతా వాళ్ళ అమ్మానాన్నలు ఆటోలు తోలేవాళ్ళు, అపార్ట్‌మెంట్లలో పనికెళ్ళేవాళ్ళు. పోయిన నెల ‘రాశులను పోల్చడం’లో బారువడ్డీకి వచ్చాను. "సంవత్సరానికి 8 శాతం వడ్డీ చొప్పున" అని చదువుతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి "టీచర్, వడ్డీ నెలకి కదా, ఏడాదికంటారేటి?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లని చూసి అనుకున్నా, నన్ను చూసేనట.

వాళ్ళిళ్ళలో వడ్డీ అంటే నూటికి మూడు, నూటికి ఐదు. నెలకి అని వేరే చెప్పక్కర్లేదు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం అని బోర్డు మీద రాస్తే ఒకడు లేచి నిలబడిపోయాడు. అక్కణ్ణుంచి రోజువారీ ఫైనాన్సుకి వెళ్ళాం. కార్డు మీద 10,000 రాస్తారు. వెయ్యి ముందే కటింగు, చేతికి 9,000. రోజుకి వంద చొప్పున వంద రోజులు. వసూలుకొచ్చేవాడు "నూటికి పదే కదమ్మా" అంటాడు.

పిల్లలు మూడు జవాబులు తెచ్చారు. వంద రోజులకి పది శాతమైతే ఏడాదికి 36.5 అని కొందరు. చేతికొచ్చింది 9,000 కదా, వెయ్యిని తొమ్మిది వేలతో భాగించాలి, కాబట్టి 40 దాటుతుంది అని ఇంకొందరు. మొదట అడిగిన పిల్ల మాత్రం "ఆ తొమ్మిది వేలూ వందరోజులు మన దగ్గర ఉండవు కదా టీచర్, మర్నాటి నుంచే తిరిగిచ్చేత్తన్నాం" అంది. అంటే సగటున చేతిలో ఉన్నది 4,500. దాని మీద వెయ్యి అంటే 22.2 శాతం, అదీ వంద రోజులకే. ఏడాదికి 81. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

నాలుగు రోజులకి హెచ్చెమ్ గారు పిలిచారు. ఎవరో పెద్దమనిషి వచ్చి "లెక్కలు చెప్పమంటే మా వ్యాపారాల మీద పాఠాలు చెప్తున్నారు" అన్నారట. సిలబస్ ఎంతదాకా వచ్చిందని హెచ్చెమ్ గారు అడిగారు. నాలుగు పీరియడ్లు వెనకబడ్డాను, అదీ నిజమే. ఇది లెక్కల క్లాసులో చెయ్యాల్సిన పనేనా? లేక పీటీఆర్ బై హండ్రెడ్ అని వడ్డీ సూత్రం చెప్పేసి ఊరుకోనా?

కంచరపాలెం_కాకి
81 శాతమా!! మా ఆవిడకి చూపించా. "మూడేళ్ళ నుంచి నేను చెప్తున్నదదే" అంది. ఆవిడ ఏడో తరగతి ఫెయిలు, నేను బీకాం.

ర్యాంకు_నాన్న
టీచర్ గారి మీద గౌరవం ఉంది గానీ ఒప్పుకోను. రేపు ఎంట్రన్సులో ఫైనాన్సువాడి కార్డు రాదు, క్వాడ్రటిక్ ఈక్వేషన్ వస్తుంది. ప్రైవేటు బళ్ళలో ఎనిమిదిలోనే పదో తరగతి మొదలెట్టేస్తున్నారు. ఇక్కడ మీరు నాలుగు పీరియడ్లు పోగొట్టారు. నష్టం ఎవరికి? ఆ పిల్లలకే. వాళ్ళకి న్యాయం చెయ్యాలంటే మా వాడికి చెప్పే ఆల్జీబ్రానే వాళ్ళకీ చెప్పండి.

సున్నాకిసున్నా
మా రోజుల్లో "ఒక కుళాయి తొట్టిని 6 గంటల్లో నింపును, మరొకటి 8 గంటల్లో ఖాళీ చేయును" అని ఉండేది. మా వీధిలో కుళాయి వచ్చేదే గంటసేపు. నింపుతుంటే కింద నుంచి ఖాళీ చేసే ఆ వెధవ ఎవడో ఇప్పటికీ దొరకలేదు.

ఏయూ_క్యాంటీన్_టీ
ఎంఎడ్ చేస్తున్నా, నా డిసర్టేషన్ దీని చుట్టూనే తిరుగుతోంది కాబట్టి కాస్త ఎక్కువ వాగుతా.

ర్యాంకు_నాన్న గారూ, మీ మాట అమెరికాలో మీకన్నా ముందే ఒకాయన గట్టిగా అన్నాడు. బాబ్ మోజెస్. 1960లలో మిసిసిపీలో నల్లవాళ్ళని ఓటర్లుగా నమోదు చేయించడానికి ప్రాణాలకి తెగించి తిరిగాడు. ఆయనే 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలెట్టాడు. అప్పట్లో ఓటు లేనివాడు ఎలా బయట నిలబడ్డాడో, ఇప్పుడు ఆల్జీబ్రా రానివాడు అలాగే నిలబడతాడని ఆయన వాదన. మీ మాటే కదా? కానీ ఎలా చెప్పాడో చూడండి. ధన, రుణ సంఖ్యలు చెప్పడానికి పిల్లల్ని బోస్టన్ రెడ్‌లైన్ మెట్రో రైలెక్కించాడు. ఎక్కిన స్టేషన్ సున్నా, ఇటు ప్లస్సు, అటు మైనస్సు. పిల్లలు రోజూ తిరిగే దారి మీద నుంచే ఆల్జీబ్రాకి తీసుకెళ్ళాడు.

రెండోది, గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1995లో, పిల్లల బతుకులోంచే పాఠం చెప్పే ఈ పద్ధతికి సిద్ధాంతం రాసినప్పుడు మూడు కావాలంది. పిల్లలు చదువులో గట్టిగా ముందుకెళ్ళాలి. తమ సంస్కృతి పోగొట్టుకోకూడదు. చుట్టూ ఉన్న అన్యాయాన్ని ప్రశ్నించగలగాలి. మనవాళ్ళు రెండోదొక్కటే పట్టుకుని, మామిడిపండ్ల బదులు తాటిముంజెలు పెట్టి సంస్కృతి అయిపోయిందంటారు.

డాల్ఫిన్‌నోస్
మన మెట్రో వచ్చాక పిల్లల్ని ఎక్కించి ప్లస్సు మైనస్సు చెప్పాలంటే, ఈ ఎనిమిదో తరగతి వాళ్ళ మనవలకి చెప్పుకోవాలి.

పెదజాలరిపేట_పిల్ల
అందరూ మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ చెప్తా. నాది ఆ పేటే, ఇప్పుడు సిరిపురంలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నా.

ఏడో తరగతిలో ట్రైనింగుకి వచ్చిన ఒక సారు ప్రతి లెక్కలోనూ చేపలు పెట్టేవారు. "మీ నాన్న 40 కానాగంతలు పట్టాడనుకోమ్మా" అనేవారు. మా నాన్న పోర్టులో కూలీ, పడవెక్కితే వాంతులు. పక్క బెంచీలో అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుక్కి రాకెట్టు లెక్క, నాకు చేపల లెక్క. ఒకరోజు లేచి "సార్, నాకు కూడా రాకెట్టివ్వండి" అన్నాను. అందరూ నవ్వారు. నేను జోక్ చెయ్యలేదు. మేం చేపలమ్ముకునేవాళ్ళమని మాకు తెలుసు, బడికెళ్ళి కూడా అదే వినాలా?

ఇంకోటి, టీచర్ గారు కోపగించుకోవద్దు. ఆ పిల్ల "ఇచ్చేత్తన్నాం" అంది కదా. వాళ్ళింట్లో అప్పుందని క్లాసంతటికీ తెలిసిపోయింది. పేటలో అది సాయంత్రానికల్లా వీధి చివరిదాకా వెళ్తుంది. మీకు గొప్ప పీరియడే, మరి ఆ పిల్ల ఇంటికెళ్ళాక వాళ్ళమ్మ ఏమందో అడిగారా?

ఉప్పుగాలి_టీచర్
అడగలేదమ్మా. నాకు తట్టలేదు. చదివాక రాత్రి నిద్రపట్టలేదు.

ర్యాంకు_నాన్న
పెదజాలరిపేట_పిల్ల గారు చెప్పిందే నేనూ చెప్తున్నది. అందరికీ రాకెట్టు ఇవ్వండి.

పెదజాలరిపేట_పిల్ల
మీరు నా వైపు రాకండి సార్, నేనింకా పూర్తి చెయ్యలేదు 🙂 మా మావయ్య బోటు మీద కళాసీ, అంటే ఓనరు బోటులో వేటకెళ్ళే పనివాడు. వేట నుంచొచ్చాక వాటాలు పంచుకునేటప్పుడు ఓనరు పుస్తకంలో డీజిలు, ఐసు, రేషను, వల మరమ్మతు అన్నీ రాస్తాడు. మావయ్యకి ఆఖరి అంకె మాత్రమే చెప్తాడు. ఆ పుస్తకం చదవడం నాకు వచ్చింది బీకాంలో. ఎనిమిదో తరగతిలో వచ్చుంటే ఇంకోలా ఉండేది. మా బోట్లలో ఎన్ని చేపలు పడ్డాయన్నది అడగక్కర్లేదు. డబ్బు ఏ లైను దగ్గర జారిపోతోందో అది అడగాలి.

భీమిలి_బాబ్జీ
మా ఊళ్ళో ఉపాధి హామీ పని కందకాలు తవ్వడం. రోజుకూలి రేటు 2025-26కి 307 అని అందరికీ తెలుసు, కానీ చేతికొచ్చేది తవ్విన మట్టి కొలతని బట్టి. మా అమ్మ గ్రూపుకి ఒక వారం బాగా తగ్గింది. కందకం గోడలు వాలుగా ఉంటాయి కదా, పైన వెడల్పు 2 మీటర్లు, అడుగున 1, లోతు 1, పొడవు 10. కొలిచినాయన అడుగు వెడల్పు పట్టుకుని 10 ఘనపు మీటర్లు అని రాసేశాడు. మా చెల్లి తొమ్మిది చదువుతోంది. సమలంబ చతుర్భుజం వైశాల్యం కట్టి, పొడవుతో గుణించి, 15 అని కాయితం మీద రాసి అమ్మకిచ్చి పంపింది.

కంచరపాలెం_కాకి
ఇచ్చారా మరి?

భీమిలి_బాబ్జీ
మళ్ళీ కొలిచారు. ఆ వారానిది కాదు, తర్వాత వారం నుంచి పైనా కిందా రెండూ కొలుస్తున్నారు. మా చెల్లిని ఊళ్ళో ఇప్పుడు "ఇంజినీరమ్మ" అంటున్నారు, అది ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తానంటోంది.

మధురవాడ_మామ్మ
మా అత్తగారికి సంతకం రాదు నాయనా. పరక, బేడ, వీసం, అరవీసం నోటితో కట్టేది. వీసం అంటే పదహారో వంతు, అరవీసం అంటే ముప్పైరెండో వంతు. చిట్టీ పాటలో ఎవరు ఎంతకి పాడితే ఎవరికి ఎంత మిగులుతుందో ఆవిడ చెప్పాకే కాయితం మీద రాసేవారు. ఆవిడని బళ్ళో వేస్తే మటుకు ఫెయిలు చేసుందురు.

ఏయూ_క్యాంటీన్_టీ
మామ్మగారూ, మీ అత్తగారి మీద పరిశోధనే ఉంది. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫీలో వీధుల్లో అమ్ముకునే పిల్లల్ని బేరమాడుతూ అడిగితే 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాయితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతం. కాకపోతే ఆ పిల్లలు అయిదుగురే. 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో ఇంకా ఎంతో పెద్ద ఎత్తున చేసింది. అమ్మే పిల్లలు మనసులో ఠకీమని కడతారు, పుస్తకం లెక్క ఇస్తే ఆగిపోతారు. రెండో సగం ఎవరూ చెప్పరు. బళ్ళో చదివే పిల్లలు పుస్తకం లెక్క చేస్తారు, బజారు లెక్కకి ఆగిపోతారు. అంటే రెండు వైపులా వంతెన లేదు.

ర్యాంకు_నాన్న
మా వాడిని నిన్న రైతుబజారుకి పంపా. కిలో 36 చొప్పున 750 గ్రాములకి ఎంతివ్వాలని ఫోన్ చేశాడు. ఫౌండేషన్ కోర్సులో ఫస్టు వాడు. ఇది చెప్పుకోవడం నాకిష్టం లేదు.

సున్నాకిసున్నా
ముప్పావు కిలో అంటే వచ్చుండేది సార్. 750 అనేసరికి కాలిక్యులేటర్ వెతుక్కున్నాడు.

కొండదారి
పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నా. సంతల్లో ఇప్పటికీ సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం ఉన్నాయి. ఒక్కోటి ముందుదానికి రెట్టింపు. కుంచానికి పదహారు సోలలు. రెండు ఘాతం నాలుగు. ఘాతాంకాలు చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అసలు కథ అది కాదు. వ్యాపారి కందులు కొనేటప్పుడు డబ్బాని గోపురంలా నింపి కొలుస్తాడు. తనే అమ్మేటప్పుడు అరచేత్తో చదును చేస్తాడు. పదో తరగతి పిల్లలు శంకువు ఘనపరిమాణం అయ్యాక ఇది పట్టుకొచ్చారు. డబ్బా ఎత్తు 12 సెంటీమీటర్లు, గోపురం ఎత్తు 6. శంకువు అంటే మూడో వంతు, ఎత్తులో సగం, కాబట్టి ఆరో వంతు. ఆరు డబ్బాలమ్మితే ఏడో డబ్బా ఉచితంగా పోతోంది. ఒక పిల్లాడి తాత "నాకు తెలీదేటి? మరి ఎవరికమ్ముతాం?" అన్నాడు. అది లెక్కతో తీరేది కాదు. పిల్లలు దానికి జవాబు నన్నడిగారు, నా దగ్గర లేదు.

అంతకుముందు సీతంపేట వైపు చేశాను. సవర పిల్లలు. వాళ్ళ భాషలో పన్నెండు దాకా ఒక్కో అంకెకీ ఒక్కో పేరు. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. ఇరవై దగ్గర మళ్ళీ కొత్త మెట్టు. ముప్పైమూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. పదుల స్థానం, ఒకట్ల స్థానం అని మనం బోర్డు మీద గీస్తే పిల్ల ఎందుకు తడబడుతోందో నాకు ఏడాది దాకా తెలీలేదు. ఆ ఏడాదంతా రిజిస్టర్లో ‘మందమతి’ అని రాశాను. గిడుగు రామమూర్తి గారు ఎప్పుడో సవర నేర్చుకుని వాళ్ళకోసం పుస్తకాలు రాశారు. ఆయన పేరుతో భాషా దినోత్సవం చేస్తాం, దండేసి వచ్చేస్తాం.

డాల్ఫిన్‌నోస్
ఈ పోస్టుకి జోక్ రాయడం నావల్ల కాదు.

గాజువాక_గళం
ఒక అనుమానం. ఇవన్నీ బావున్నాయి, కానీ టీచరు తన రాజకీయం పిల్లల మీద రుద్దడానికి ఇదో దారి కాదా? ఇవాళ ఫైనాన్సువాడు, రేపు ఫ్యాక్టరీ, ఎల్లుండి ప్రభుత్వం. ఆ ఫైనాన్సువాడికీ ఖర్చులుంటాయి, ఎగ్గొట్టేవాళ్ళుంటారు. ఆ లెక్క కూడా వేశారా?

ఉప్పుగాలి_టీచర్
వెయ్యలేదు. వెయ్యాలి. పదిమందిలో ఒకరు సగం దగ్గర ఆపేస్తే వాడికి ఎంత మిగులుతుందని అడిగితే మంచి లెక్కే అవుతుంది, రాసిపెట్టుకున్నా.

ఏయూ_క్యాంటీన్_టీ
గళం గారూ, షికాగోలో ఎరిక్ గట్‌స్టైన్ మెక్సికన్ కుటుంబాల పిల్లలకి ఇదే పద్ధతిలో చెప్పాడు. ఏ జాతివాళ్ళకి ఇంటిలోన్లు ఎక్కువ తిరస్కరిస్తున్నారో లెక్కగట్టించాడు. ఆయన్నీ మీరడిగిందే అడిగారు. 8 శాతానికి రాము బ్యాంకులో అప్పు తీసుకున్నాడని రాస్తే మాత్రం ఎవరూ రాజకీయం అనరు. ఈ క్లాసులో ఎంతమందికి బ్యాంకు అప్పిచ్చింది చెప్పండి.

గాజువాక_గళం
జవాబు సగమే ఒప్పుకుంటా. పదమూడేళ్ళ పిల్లకి టీచరు మాటే వేదం. అక్కడ జాగ్రత్త కావాలంటున్నా, అంతే.

లెక్కతప్పినోడు
అందరూ 81 అంటున్నారు, ఎవరూ చూసుకోలేదా? సగటు పద్ధతి దగ్గరి లెక్క మాత్రమే. రోజువారీ వడ్డీ రేటు సరిగ్గా కడితే రోజుకి సుమారు 0.2125 శాతం. ఏడాదికి 77.6. గణితంలో న్యాయం ముందు గణితానికి జరగాలి.

కంచరపాలెం_కాకి
77.6 అయితే కట్టెయ్యొచ్చంటారా అన్నా?

చినవాల్తేరు_చిన్నా
వేట నిషేధం కూడా ఇవ్వండి మేడమ్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14, 61 రోజులు. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 చేశారు. రోజుకి 328. ఇంట్లో అయిదుగురుంటే మనిషికి 66 రూపాయలు పడదు. ముందు 10,000 ఉండేది, దాంతో పోలిస్తే రెట్టింపే కదా అనేవాళ్ళూ ఉంటారు, ఆ మాటా నిజమే. రెండూ బోర్డు మీద పక్కపక్కన పెట్టండి.

అన్నట్టు ఎన్‌సీఈఆర్‌టీ పాత ఐదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠమే చేపలది. పడవల వేగాలు, చేపలమ్మే ఆడవాళ్ళ పొదుపు బ్యాంకు. పుస్తకంలోనే ఉందని ఆ పెద్దమనిషికి చూపించొచ్చు.

ఉప్పుగాలి_టీచర్
పది రోజులు కనపడలేదు, క్షమించండి.

ముందు ఆ పిల్ల సంగతి. విడిగా మాట్లాడాను. వాళ్ళమ్మ తిట్టిందట, "మనింటి గుట్టు బళ్ళో ఎందుకు" అని. మర్నాడు మాత్రం "ఆ లెక్క మళ్ళీ చెప్పు" అని కూర్చోబెట్టిందట. క్లాసులో ఇంటి సంగతులు అడగడం మానేశాను. నేనే ఉత్తుత్తి కార్డులు తయారుచేసి తెస్తున్నాను. పెదజాలరిపేట_పిల్ల గారూ, మీ మాట వల్లే.

తర్వాత బోటు. ర్యాంకు_నాన్న గారి ఆల్జీబ్రా కూడా అందులోనే దొరికింది. రెండు ఒప్పందాలు ఇచ్చాను, అంకెలు నావే. మొదటిది, అమ్మకంలోంచి ఖర్చు 80,000 తీసేసి మిగిలిందాంట్లో కళాసీలకి సగం. రెండోది, ఖర్చుతో పనిలేకుండా మొత్తం అమ్మకంలో కళాసీలకి 30 శాతం. అమ్మకం ఎక్స్ అనుకుని రెండు సమీకరణాలు రాశారు, గ్రాఫు గీశారు. రెండు గీతలూ రెండు లక్షల దగ్గర కలిశాయి, అక్కడ ఏదైనా 60,000. మూడు లక్షలొస్తే మొదటిదాంట్లో 1,10,000, రెండోదాంట్లో 90,000. లక్షే వస్తే మొదటిదాంట్లో 10,000, రెండోదాంట్లో 30,000.

ఏది మేలని అడిగితే క్లాసు రెండుగా చీలింది. ఒకడు "మొదటిదే, మా బోటు బాగా పడుద్ది" అన్నాడు. వాడి నాన్న ఓనరని నాకు తర్వాత తెలిసింది. ఇంకో పిల్ల గ్రాఫులో 80,000 దగ్గర వేలు పెట్టి "దీనికి ఎడమ పక్క మొదటి గీత కిందకెళ్ళిపోతంది టీచర్, అప్పుడు కళాసీలే ఎదురివ్వాలా?" అంది. నేను పాఠం తయారుచేసుకున్నప్పుడు ఆ పక్కకి చూడనే లేదు.

రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాలు తొమ్మిదో తరగతి పాఠం. హెచ్చెమ్ గారికి గ్రాఫులు చూపించాను. సిలబస్ వెనక్కి వెళ్ళిందా ముందుకెళ్ళిందా అని ఆయనే తల గోక్కున్నారు. శనివారం ఆఖరి పీరియడు ఇచ్చారు. పెద్దమనిషి మళ్ళీ రాలేదు, ఇంకా.

పెదజాలరిపేట_పిల్ల
ఎదురివ్వరు టీచర్. పుస్తకంలో బాకీ రాస్తారు, వచ్చే వేటలో కోస్తారు. మా మావయ్య బాకీ మూడు సీజన్లు నడిచింది. ఆ గీత కిందకెళ్ళినప్పుడు ఏమవుతుందో శనివారం నేనొచ్చి చెప్పనా? పాత పుస్తకం ఒకటుంది, పేర్లు కొట్టేసి తెస్తా.

ఉప్పుగాలి_టీచర్
రండి. రెండున్నరకి.

ర్యాంకు_నాన్న
నా అభిప్రాయం మారలేదు. క్వాడ్రటిక్స్ ఎప్పుడు చెప్తారో అదీ రాయండి. గ్రాఫు షీట్లు మా షాపులో ఉన్నాయి, ఎన్ని కావాలి?

ఉప్పుగాలి_టీచర్
46.

కొండదారి
రెండు ఇరవైలూ ఆరు.